‘సమర్పించెను’ ఎప్పుడు చెక్కాలి

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు నా దగ్గరికి వచ్చి రెండే అడుగుతారు. ఏ రాయి మంచిది, ఉలికి పదును ఎలా పెట్టాలి. ఆ రెండూ ఆరు నెలలు పని చేస్తే ఎవరికి వాళ్లకే తెలుస్తాయి, వాటికి నా ముసలి నోరు అక్కర్లేదు. నేను చెప్పదలచింది వాళ్లు అడగనిది. రాతి మీద ఏ మాట ఎప్పుడు చెక్కాలి, ఎప్పుడు చెక్కకూడదు అన్నది. అది తెలిసి కూడా తప్పినందుకు ఒక ఆడమనిషి ఇల్లు పోయింది. ఈ సంగతి ఇన్నేళ్లూ మా ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు.

సికిందరాబాదులో నలభై మూడేళ్లు అక్షరాలు చెక్కాను. సమాధి రాళ్లు, బావుల దగ్గరి రాళ్లు, చర్చిల రాళ్లు, బాటసారులు దిగే ముసాఫిర్‌ఖానాల గుమ్మాల పక్కన పెట్టే రాళ్లు. చెయ్యి వణకడం మొదలుకాగానే మానేశాను. వణికే చేత్తో ఇంకా చెక్కేవాళ్లున్నారు. వాళ్ల రాళ్లు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

రాజలింగం మేస్త్రి

మా నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడి మిషన్ బడిలో పంతులుగా చేరినవాడు. నేను పుట్టిన నెలకు నన్ను చర్చికి తీసుకెళ్లి దేవుడి సేవకు సమర్పించారట. పెద్దయ్యాక ప్రసంగాలు చెబుతానని ఆయన ఆశ. నాకు నలుగురిలో మాట పెగలదు. చేతిరాత మాత్రం కుదిరింది. ఇరవయ్యో ఏట రాంగోపాల్‌పేట్‌లో రాజలింగం మేస్త్రి దుకాణంలో చేరితే నాన్న నెల రోజులు నాతో మాట్లాడలేదు.

మేస్త్రికి చదువు రాదు. తెలుగైనా ఉర్దూ అయినా ఇంగ్లీషైనా కాగితం మీద రాసిచ్చింది చూసి, బొమ్మను చూసినట్టు చూసి చెక్కేవాడు. ఒక్క గీత తప్పేది కాదు. రాయి ముందు కూర్చుంటే ఆయనంత మనిషి లేడు. రాయి ముందు నుంచి లేచాక మామూలు మనిషే. పరువంటే ప్రాణం, పెద్దవాళ్లంటే భయం. ఈ రెండు ముక్కలూ గుర్తుపెట్టుకోండి.

ఆయన దుకాణంలో తాతల నాటి కట్టుబాటు ఒకటి ఉండేది. ఎవరైనా సత్రమో బావో ఇల్లో జనానికి ఇస్తున్నామని రాయి చెక్కించుకుంటే, పేరూ ఊరూ అన్నీ దుకాణంలోనే చెక్కేవాళ్లం. చివర ఉండే ‘సమర్పించెను’ అన్న మాట మాత్రం చెక్కేవాళ్లం కాదు. ఎర్రమట్టితో గీసి వదిలేసేవాళ్లం. రాయిని తీసుకెళ్లి గోడలో పెట్టాక, ఇచ్చే మనిషి తాళంచెవి తెచ్చి పుచ్చుకునే మనిషి చేతిలో పెట్టాక, అప్పుడు జనమందరి ముందూ నిలబడి ఆ మాట చెక్కాలి. ఉలి చప్పుడు ఆగాక షర్బత్ పంచేవాళ్లు.

చేరిన కొత్తలో నేను అడిగాను. ఎర్రమట్టి గీత ఎలాగూ ఉంది కదా, ఇక్కడే చెక్కేస్తే ఎండలో నిలబడి కష్టపడే పని తప్పుతుంది కదా అని.

“ఇచ్చిండు అంటే మల్ల అడుగొచ్చురా దేవా,” అన్నాడు మేస్త్రి. “గీ మాట గట్ల కాదు. గీ మాట చెక్కినమంటే ఆయన చెయ్యి ఖాళీ అయినట్టు. చెయ్యి ఖాళీ అయింది కండ్లార సూడకుంట ఉలి పెట్టకు.”

చదువు రాని మనిషి ఆ మాటకు చెప్పిన అర్థం అది. మా నాన్న దగ్గరున్న లావుపాటి నిఘంటువులో కూడా వెతికాను, అంత బాగా లేదు.

ఆ మాట వాడుక

ఈ మాటను ఇంట్లో ఎవరూ వాడరు. భార్యకు చీర సమర్పించానని ఎవడైనా అంటే పక్కింటివాళ్లు నవ్వుతారు. ఇచ్చాను, పెట్టాను, కొనిచ్చాను అంటాం. సమర్పించడం అంటే పై మనిషికో, దేవుడికో, ముక్కూ మొహం తెలియని జనానికో ఇవ్వడం. తిరిగి అడగడానికి ఎదుట ఒక మనిషంటూ ఉండడు. అందుకే దాన్ని రాతి మీదే వాడతారు, లేకపోతే చర్చిలో పసిబిడ్డను ఎత్తుకున్నప్పుడు వాడతారు.

ఈ కట్టుబాటుతో తంటాలూ ఉండేవి. కంటోన్మెంటులో ఒక తెల్లపాదిరీ గారి చర్చికి ఇంగ్లీషు రాయి చెక్కాం. ఇంగ్లీషులో ఆ మాట మొదట్లో వస్తుంది. మేస్త్రి మొదట్లోనే ఖాళీ వదిలాడు. పాదిరీ గారు రాయి చూసి పన్ను ఊడిన నోరులా ఉందని చిందులు తొక్కారు. ఆయన ఎంత అరిచినా మేస్త్రి చేతులు కట్టుకుని నిలబడ్డాడు తప్ప చెక్కలేదు. చివరికి ప్రారంభం నాడు పాటలవాళ్లు నోళ్లు మూసుకుని నిలబడితే, పాదిరీ గారు గడియారం పట్టుకుని నిలబడితే, నేను ఆ ఖాళీ పూడ్చాను.

ఒక సేఠ్ గారి సత్రం రాయి పదకొండేళ్లు మా గోడకు ఆనుకునే ఉంది. ఆయన ప్రతి దసరాకూ వచ్చి తన పేరు చూసుకుని మురిసిపోయేవాడు. తాళంచెవి ఎప్పుడంటే వచ్చే ఏడు అనేవాడు. ఆయన పోయాక మేస్త్రి ఆ రాయిని బోర్లా తిప్పి దాని మీద ఉలులు సానబెట్టించాడు. ఊళ్లో అందరికీ ఈ సంగతి తెలుసు. రాజలింగం రాతి మీద ఆ మాట ఉందంటే ఇల్లు చేతులు మారిందని కచేరీలో కూడా నమ్మేవాళ్లు. మా దుకాణం పరువంతా అందులో ఉండేది.

మస్తాన్ సాబ్

మస్తాన్ సాబ్ దూది ఏకి పరుపులు కుట్టేవాడు. దవాఖానకూ బంగళాలకూ ఆయన పరుపులే వెళ్లేవి. తెలుగు మాట్లాడే సాయిబుల కుటుంబం. మా దుకాణానికి నాలుగిళ్ల అవతల ఇల్లు. ఎప్పుడు చూసినా కనుబొమల మీద దూది అంటుకుని ఉండేది. పిల్లలు లేరు. భార్య ఖాసింబీ ఆయన పక్కనే కూర్చుని పరుపులకు కుట్లు వేసేది.

ఊళ్ల నుంచి దవాఖానకు వచ్చిన ఆడవాళ్లు బయట రోడ్డు పక్కన పడుకోవడం ఆయన రోజూ చూసేవాడు. తన ఇంటిని వాళ్ల బసకు ఇవ్వాలనుకున్నాడు. మాట వరసకు కాదు, తేల్చుకున్నాడు. యాప్రాల్‌లో కొంచెం జాగా కొని భార్యకూ తనకూ రెండు గదులు కట్టడం మొదలుపెట్టాడు. అప్పటి యాప్రాల్ అంటే రాళ్లూ మెట్ట చెలకలూ, నాలుగు ఇళ్లు.

“మా గల్లీలో ఉర్దూ సదివెటోళ్లు ఎందరున్నరు? తెలుగుల చెక్కు దేవయ్యా,” అన్నాడు. “యాప్రాల్ల కప్పు పడంగనే ఖాసింబీని ఆడికి తోల్కపోత. గప్పుడు తాళంచెవి ఇస్త, గప్పుడు ఆఖరి మాట చెక్కుదువు. ఆమె నెత్తి మీద కప్పు లేకుంట నేను ఎవ్వలకు ఏమిచ్చినా ఖుదా ఒప్పుకోడు.”

ఈ మాట ఆయన అన్నప్పుడు దుకాణంలో నేనొక్కడినే ఉన్నాను. ఇంకెవరూ వినలేదు.

రాయి షాబాదు బండ. ‘దవాఖానకు వచ్చు స్త్రీల బస కొరకు ఈ ఇంటిని మస్తాన్ సాబు’ అని చెక్కి ఆపాను. నా చేతి మీద అంతకంటే బాగా కుదిరిన రాయి లేదు. అదే నా కొంప ముంచింది.

నేను చేసిన పని

అది పోలీసు చర్య జరిగిన ఏడు. వానలు పడుతున్నాయి. రజాకార్ల భయం ఒకవైపు, సైన్యం వస్తుందన్న మాట ఒకవైపు. బెజవాడ వైపు వెళ్లే రైళ్లలో కాలు పెట్టే సందు లేదు. మేస్త్రి భార్యాబిడ్డలను తీసుకుని బంధువుల ఊరికి వెళ్లిపోయాడు. దుకాణం నాకు అప్పగించి వెళ్లాడు.

ఒక పొద్దున మస్తాన్ సాబ్ చేతిలో మూటతో వచ్చాడు. బీదరు వైపు పల్లెలో వాళ్ల అమ్మ ఉంది. గడబిడలు ముదిరేలోపల ఆమెను తీసుకురావాలని బయలుదేరాడు.

“జెర పరేషాన్‌గ ఉన్నది దేవయ్యా,” అన్నాడు. రాయి ముందు గొంతుక్కూర్చున్నాడు. “ఒక్కసారి పూరా చూడబుద్ది అయితున్నది. ఆఖరి మాటతోని ఎట్ల కొడ్తదో.”

వద్దని చెప్పాల్సింది. మేస్త్రి ఉంటే చేతులు కట్టుకుని నిలబడేవాడు. నాకు మస్తాన్ సాబ్ మీద ప్రేమ, నా అక్షరాల మీద మోజు. మేస్త్రి లేడు, ఎవరు చూస్తారు అనుకున్నాను. గోడకు పెట్టేవరకూ గోనెపట్టా కప్పి ఉంచితే సరిపోతుందనుకున్నాను. ఉలి తీశాను. మధ్యాహ్నానికి ఐదు అక్షరాలూ పూర్తయ్యాయి. ఆయన అంతసేపూ కదలకుండా కూర్చున్నాడు. అయ్యాక దుమ్మును తన తువ్వాలతో తుడిచి, అక్షరాల్లో వేలు పెట్టి ఒక్కొక్కటే తడిమి చూశాడు.

“వచ్చినంక యాప్రాల్ పని షురూ చేస్త,” అన్నాడు. “గా దాంక దీన్ని ఎవ్వలకూ చూపియ్యకు.”

మళ్లీ నేనాయన్ని చూడలేదు.

బేగంపేట వైపు విమానాల చప్పుడు, తర్వాత సైన్యం లారీలు, తర్వాత జెండాలు. ఊళ్లో కొందరు పండగ చేసుకున్నారు, కొందరు తలుపులు వేసుకున్నారు. మాకు ఇక్కడ పెద్దగా ఏమీ కాలేదు. బీదరు వైపు పల్లెల్లో ఏమయిందో నెమ్మదిగా తెలిసింది. మస్తాన్ సాబ్‌నూ ఆయన అమ్మనూ ఊరివాళ్లే చంపారు. ఆయన చిన్నాయన కొడుకు ఖాదర్ తప్పించుకుని వచ్చి చెప్పాడు. శవాలు కూడా దొరకలేదు.

ఖాదర్ దుకాణానికి వచ్చి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. “అన్న గోరీ సుత లేదు. ఆయన పేరున్న రాయి ఒక్కటే ఉన్నది. దాన్ని ఇంటి కాడ పెట్టుకుంటం,” అన్నాడు. ఇవ్వకపోతే మనిషిని కానేమో అనిపించింది. బండి మీదికి ఎత్తడానికి నేనే చెయ్యి వేశాను.

మూడో రోజుకు రాయి మస్తాన్ సాబ్ ఇంటి గుమ్మం పక్కన సున్నంతో బిగించి ఉంది. ఇల్లు జనానికి ఇచ్చేశాడు, బస చూసుకునే పెద్దను నేను, వదిన ఖాళీ చెయ్యాలి అన్నాడు ఖాదర్. ఖాసింబీకి ఆ ఇల్లు తప్ప ఏమీ లేదు. యాప్రాల్‌లో నాలుగు మొండి గోడలున్నాయి, కప్పు లేదు.

విచారణ

సంగతి కచేరీకి వెళ్లింది. మేస్త్రి అప్పటికి తిరిగి వచ్చాడు. రాయి చూసి వచ్చి నన్ను చెంప మీద కొట్టాడు. ఇరవై ఆరేళ్లవాడిని. కొట్టాల్సిందే. తర్వాత ఆయన అన్న మాటను మాత్రం నేను ఇప్పటికీ మన్నించలేదు.

“అడిగినదానికి జవాబు చెప్పు. అడగనిది చెప్పకు,” అన్నాడు. “చూపిచ్చుకునేటందుకు చెక్కిన అంటివా, ఊళ్ల ఉన్న మన రాళ్లన్నీ అబద్ధమైతయ్. రేపు ప్రతి వారసుడు వస్తడు, మా తాత సుత చూస్తందుకే చెక్కిచ్చిండు అంటడు. బావులు పోతయ్, సత్రాలు పోతయ్. ఒక్క ఇంటి కోసం అన్ని పోగొడ్తవా?”

అందులో నిజం లేకపోలేదు. కష్టమంతా అక్కడే ఉంది. పూర్తిగా చెడ్డ సలహా అయితే తోసేసేవాడిని.

విచారణ చేసే అధికారి వేరే రాష్ట్రం నుంచి కొత్తగా వచ్చాడు. తెలుగు రాదు. కచేరీ కాగితాలు రాసే పేష్కారు రాతి మీది మాటలు చదివి చెప్పాడు. ఖాసింబీ తలుపు పక్కన ముసుగు వేసుకుని నిలబడింది. యాప్రాల్ ఇంటికి కప్పు పడ్డాకే ఇస్తానన్నాడని చెప్పింది. సాక్షి ఎవరని అడిగారు. దేవయ్యకు ఎరుక అంది.

నన్ను మూడు ప్రశ్నలు అడిగారు.

“ఈ అక్షరాలన్నీ మీరు చెక్కినవేనా?”

“అవునండి.”

“మస్తాన్ సాబ్ బతికుండగా, ఆయన చెప్తేనే చెక్కారా?”

“అవునండి.”

“ఆఖరి మాట కూడా ఆయన ముందే చెక్కారా?”

“అవునండి. ఆయన ముందే.”

మూడూ నిజాలే. తాళంచెవి ఇచ్చాడా అని ఎవరూ అడగలేదు. కొత్త అధికారికి మా కట్టుబాటు ఏం తెలుసు? పేష్కారుకు తెలుసు, అతను మేస్త్రి వైపు చూసి తల వంచుకుని రాసుకున్నాడు. ఇంకో మాట చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకుంటూనే నిలబడ్డాను. ఇక వెళ్లవచ్చన్నారు. వెళ్లాను.

బయట మెట్ల దగ్గర ఖాసింబీ ముసుగు తీసి నా మొహంలోకి చూసింది. తిడుతుందనుకున్నాను.

“ఆయన నీ అక్షరం మంచిగుంటదని అందరికి చెప్పెటోడు బిడ్డా,” అంది.

అంతే అంది. తిట్టినా బాగుండేది.

యాప్రాల్

ఇల్లు దానమైపోయిందనే కచేరీలో తేల్చారు. ఆ ఇంట్లో దవాఖానకు వచ్చిన ఆడది ఒక్క రోజు కూడా పడుకోలేదు. ఖాదర్ మొదట మరమ్మతు అన్నాడు, తర్వాత ముందు గదిని గడియారాలు బాగుచేసేవాడికి అద్దెకు ఇచ్చాడు. దానం రాయి గుమ్మం పక్కన అలాగే ఉంది. రోజుకు నాలుగుసార్లు నేను దాని ముందు నుంచే నడవాలి. అవతలి గల్లీలోంచి వెళ్లడం అలవాటు చేసుకున్నాను.

ఖాసింబీ యాప్రాల్ మొండి గోడల మీద తాటాకు కప్పించుకుంది. దూది ఏకి, బొంతలు కుట్టి బతికింది. నేను రెండుసార్లు బియ్యం పంపిస్తే రెండుసార్లూ తిరిగి వచ్చాయి.

మేస్త్రి ఇంకో తొమ్మిదేళ్లు బతికాడు. ఆయన ఉండగా నేను నోరు విప్పలేదు. ఆయన మట్టి అయిన వారానికి సైకిలేసుకుని యాప్రాల్ వెళ్లాను. కచేరీకి వెళ్లి ఉన్నదున్నట్టు చెబుతాను, మళ్లీ విచారణ చెయ్యమని అర్జీ పెడదాం అని చెప్పడానికి వెళ్లాను. దారి పొడుగునా ఆ మాటలు కూడబలుక్కున్నాను.

ఆమె గుమ్మంలో కూర్చుని ఉంది. దూది దుమ్ముకు ఊపిరితిత్తులు పాడై ఒక్కో మాటకు ఆగి ఆగి దగ్గుతోంది. నేను వచ్చింది ఎందుకో చెప్పాను. తల వంచుకునే చెప్పాను.

“అమ్మా, ఆ రోజు నేను మొత్తం చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను. మీ ఇల్లు మీకు వచ్చేదాకా తిరుగుతాను.”

ఆమె చేతిలోని సూది బొంతకు గుచ్చి పక్కన పెట్టింది.

“ఇప్పుడు ఎవలకు చెప్తవ్ దేవయ్యా? నాకా? నాకు గా దినమే ఎరుక. కచేరీకా? నేను ఈ చలికాలం దాటను. ఇల్లు గెలిచి ఎవలకిస్తవ్?” అని దగ్గింది. దగ్గు తగ్గాక మళ్లీ అంది. “నీ మనసుల బరువు దించుకుంటందుకు వచ్చినవు. దించుకో. కని నా గుమ్మంల దించకు.”

మంచినీళ్లు కూడా తాగకుండా వచ్చేశాను. అడగడానికి మొహం లేదు. ఆమె చెప్పినట్టే సంక్రాంతికి ముందే పోయింది. గోరీ మీద రాయి చెక్కి ఇస్తానని అక్కడి పెద్దలకు కబురు పంపాను. నా చేతి రాయి వద్దని ఆమె చెప్పి పోయిందని వాళ్లు కబురు పంపారు.

నేర్చుకునేవాళ్లకు

దుకాణం తర్వాత నాదైంది. ఆ కట్టుబాటును నేను మేస్త్రి కంటే గట్టిగా పాటించాను. ఎంత పెద్దమనిషి అడిగినా ఆఖరి మాట ముందుగా చెక్కలేదు. జనం నన్ను నియమం గల మనిషన్నారు. నియమం తప్పి ఒకరిని ముంచినవాడు తర్వాత ఎంత గట్టిగా పట్టుకున్నా అది ఆ ఒకరికి పనికిరాదు. ఇది నేను విచారంగా అనడం లేదు, తెలిసి చెబుతున్నాను.

ఇప్పుడు యంత్రంతో చెక్కుతున్నారు, మాటలన్నీ ఒకే దెబ్బకు పడతాయి. ఆఖరి మాట ఆపి ఉంచడం మీకు కుదరదంటారు. పోనీ, కుదరకపోతే మానెయ్యండి. కానీ మీరు చెక్కింది రేపు ఎవరి గుమ్మంలోనో సాక్ష్యం చెబుతుంది. రాయి సగమే చెబుతుంది. మిగతా సగం చెప్పడానికి చెక్కినవాడే నోరు తెరవాలి. ఎవరూ అడగకపోయినా తెరవాలి, ఆ రోజే తెరవాలి. మా మేస్త్రి గొప్ప పనివాడు, నాకు ఆయనే విద్య పెట్టాడు. ఆయన ఆ రోజు చెప్పింది తప్పు. నేను విన్నది అంతకంటే పెద్ద తప్పు.

కొన్నేళ్ల కిందట ఆ ఇల్లు పడగొట్టారు. పడగొట్టే మేస్త్రి ఆ బండను తెచ్చి, వెనక వైపు నున్నగా ఉంది, కొత్త పేరు చెక్కుకోవచ్చు, తీసుకుంటారా అన్నాడు. తీసుకున్నాను. అది మా పెరట్లో ఉంది. మా ఆవిడ దాని మీద బట్టలు ఉతుకుతానంది, నేను ఒప్పుకోలేదు. ఎందుకో చెప్పలేదు, ఇప్పుడు ఇది చదివి తెలుసుకుంటుంది.

ఒకసారి ఆ ఐదు అక్షరాలూ తీసేద్దామని ఉలి పట్టుకుని కూర్చున్నాను. చెక్కిన మాట తీయాలంటే దాని చుట్టూ ఉన్న రాయినంతా అంత లోతుకు దించాలి. అలా దించితే దాని పక్కనే ఉన్న మస్తాన్ సాబ్ పేరు పోతుంది. ఉలి లోపల పెట్టేశాను.

నేను పోయాక మా పిల్లలు ఆ రాయిని ఏం చేస్తారో తెలియదు. ఎవరైనా చదివి, ఈ మహానుభావుడెవరో ఇల్లు దానమిచ్చాడు అనుకుంటారేమో. ఆయన ఇవ్వలేదు. ఇవ్వాలనుకున్నాడు, భార్యకు కప్పు వేశాక. ఈ మాట నేను కచేరీలో చెప్పాల్సింది.